బేసి సంఖ్యలు జీన్‌వి

గుడ్‌ల్యాండ్స్, 3 ఆగస్టు 1967, గురువారం

ఈ నోటుబుక్కు పోర్ట్ లూయిస్‌లో లిమ్ షాపులో కొన్నాను. సాయంత్రం తెలుగు బడిలో ఎంకన్న గురువుగారు ఎప్పుడూ చెబుతుంటారు, రోజుకో పేజీ తెలుగు రాయకపోతే నేర్చుకున్న నాలుగు ముక్కలూ పోతాయని. అందుకే రాస్తున్నాను. వేరే కారణమేమీ లేదు.

ముందుగా, ‘సింహం దొర’ 430వ సంచిక పరమ దరిద్రంగా ఉంది. పదికి మూడు మార్కులు.

ఫ్రెంచిలో అతని పేరు ఇంకా పొడుగు. సింహం దొర అన్నది నేను పెట్టుకున్న పేరు. సింహం తలకాయ, ఎర్ర దుప్పటి, పసుపు బూట్లు, చేతిలో గద. పదిహేను రోజులకో సంచిక వస్తుంది. మొదటిది చూసేనాటికి నాకు పన్నెండేళ్లు. ఇప్పుడు ముప్పై. పద్దెనిమిదేళ్లు ఒకణ్ని నమ్ముకుని చదివితే, చివరికి వాడు మాట్లాడే కోతిని పనిలో పెట్టుకున్నాడు. ఈ సంచికలో కోతికి పద్నాలుగు పేజీలు, దొరకి రెండు. ఆ రెండింట్లోనూ కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాడు. చివరి బొమ్మలో అగ్నిపర్వతంలో పడిపోతున్నాడు.

ఇలాంటివన్నీ ఇదివరకు జీన్‌కి చెప్పేవాణ్ని. ఇప్పుడు అతనితో మాటల్లేవు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అందుకని కాదు. గురువుగారు రాయమన్నారని.

4 ఆగస్టు

నియమం రాసి పెడతాను, రేపు ఎవరూ కాదనకుండా.

లిమ్ షాపుకి సింహం దొర ఒక్క ప్రతే వస్తుంది. బేసి సంఖ్యలు జీన్ కొనాలి. సరి సంఖ్యలు నేను కొనాలి. కొన్నవాడు ముందు చదివి, అంచుల్లో పెన్సిల్‌తో అభిప్రాయం రాసి, పదికి మార్కులు వేసి రెండోవాడికి ఇవ్వాలి. రెండోవాడు చదివి, తన మార్కులు కూడా వేసి తిరిగి ఇచ్చేయాలి. జీన్ వాళ్లు అప్పట్లో మా పక్కింట్లోనే ఉండేవాళ్లు. చెరుకు తోట గట్టు మీద కూర్చుని ఇద్దరం ఒప్పుకున్న నియమం ఇది. తుపాను వచ్చిన వారం తప్ప ఎన్నడూ తప్పలేదు.

429 అతని దగ్గరుంది. నేనడగను.

మాటలు ఎందుకు లేవంటే, నా 428 పంతొమ్మిదో పేజీ మీద టీ మరకతో తిరిగొచ్చింది. పొరపాటైందని కూడా అనలేదు. మనిషన్నాక ఒక పద్ధతుండాలి.

9 ఆగస్టు

ఎన్నికలయ్యాయి. స్వాతంత్ర్యం కావాలన్నవాళ్లు గెలిచారు. అమ్మ అప్పన్నకి కొబ్బరికాయ కొట్టింది. మా బస్సులో సగం మంది నవ్వుతూ ఎక్కారు, సగం మంది కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. జీన్ రోడ్డు చూస్తూ నడిపాడు. అది డ్రైవర్ పనే కదా.

12 ఆగస్టు

గుడ్‌ల్యాండ్స్ నుంచి పోర్ట్ లూయిస్‌కి నడిచే బస్సులో జీన్ డ్రైవర్, నేను కండక్టర్. ఆరేళ్లుగా ఇదే బస్సు. మాటలు లేకపోయినా పని ఆగదు. గంట తాడు ఉంది. ఒక గంట కొడితే ఆపాలి. రెండు కొడితే పోనివ్వాలి.

మూడు గంటలకి కంపెనీ పుస్తకంలో అర్థం లేదు. మా ఇద్దరికే ఉంది. ‘అద్దంలో వెనక్కి చూడు’ అని. ఒకసారి ఒకావిడ బాతుని పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికి ఎండ తగులుతోందని గొడుగు పట్టింది. అలాంటివాటికి.

ఇవాళ ఒకాయన బీరువా అద్దం మోసుకుని ఎక్కాడు. రెండు నిమిషాల్లో బస్సంతా దువ్వెనలు తీసింది. ఒక ముసలాయన టోపీ తీసి, లేని జుట్టు సర్దుకున్నాడు. నా చెయ్యి తాడు మీదికి వెళ్లింది.

రెండే కొట్టాను.

2 సెప్టెంబరు

432. పదికి రెండు.

430లో అగ్నిపర్వతంలో పడ్డవాడు 432 మొదటి పేజీలో సూటు వేసుకుని ఎవరి పెళ్లిలోనో డాన్సు చేస్తున్నాడు. ఒంటి మీద బొబ్బ లేదు. జూలు కూడా కాలలేదు. పెళ్లెవరిది? అగ్నిపర్వతం ఏమైంది? రాసేవాడికి మతి పోయిందా, లేక చదివేవాళ్లకి అసలే లేదనుకున్నాడా?

మధ్యలో 431 ఉందని నాకు తెలుసు. పోయిన నెల లిమ్ షాపులో క్లిప్పుకి వేలాడింది. లిమ్ చేతికిచ్చాడు కూడా. “ప్రాన్ లి, రామలు. తీసుకో. జీన్ ఇంకా రాలేదు” అన్నాడు. అది బేసి సంఖ్యన్నాను. ఈ మాట అర్థం కానివాళ్లతో వ్యాపారం కష్టం.

30 సెప్టెంబరు

434. పెళ్లికూతురు లేదు. ఎవరూ ఆమె పేరెత్తరు. దొర ఇప్పుడు గుడ్డివాడు. ఎలా అయ్యాడో చెప్పరు. పదికి ఒకటిన్నర.

అమ్మ అడిగింది, జీన్ రావటం లేదేమని. పని ఎక్కువగా ఉందన్నాను. ఒకే బస్సు కదా, వాడికే ఎక్కువ పనేమిటంది.

28 అక్టోబరు

436 గురించి ఏమీ రాయను. కోతి ఒక పాట పాడింది.

ఈ దొర పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా బస్సెక్కలేదని ఇవాళ తట్టింది. అతని ఊళ్లో తుపాను రాదు. ఓట్లుండవు. ఎవరితోనూ మాటలు మానెయ్యడు. ఇలాంటివాడికి మన కష్టం ఏం తెలుస్తుంది? పన్నెండేళ్లప్పుడు ఈ సంగతి గమనించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

5 నవంబరు, ఆదివారం

అమ్మ అప్పన్న పటానికి గంధం పూస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ పటం సంగతి ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. తెలుగులో రాస్తే ఫర్వాలేదు. అమ్మకి చదవటం రాదు. జీన్‌కి తెలుగులో మూడు మాటలే వచ్చు: అమ్మా, అన్నం, గోవిందా. మిగతాదంతా మేం ఈ దీవి భాషలోనే మాట్లాడుకుంటాం.

మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చినప్పుడు సింహాద్రి అప్పన్న పటం తెచ్చుకున్నాడట. 1960 ఫిబ్రవరి తుపానులో మా రేకులతోపాటు అదీ ఎగిరిపోయింది. జీన్ వాళ్ల కప్పు కూడా పోయింది. గాలి కాస్త తగ్గగానే వాడు పుస్తకాల మూట గుండెకి హత్తుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. మూట తడిసి ముద్దయింది. విప్పితే అన్నిటికంటే పైనున్న 1వ సంచిక అట్ట ఊడి నేల మీద పడింది.

ఆ అట్ట మీద బొమ్మ ఇది: బ్యాంకులో రాతి స్తంభం రెండుగా పగిలి ఉంటుంది. దాంట్లోంచి సింహం తల, గద. కాళ్ల దగ్గర దొంగ వెల్లకిలా పడి ఉంటాడు.

అమ్మ దాన్ని చూసింది. పటం పోయిందని అప్పటిదాకా ఏడుస్తూనే ఉంది. రెండు చేతులూ జోడించి, “అప్పన్న తిరిగొచ్చాడు. వానలో జీన్ తెచ్చాడు” అంది.

జీన్ నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. 1వ సంచిక బేసి సంఖ్య. వాడిది. దాన్ని చేతులు కడుక్కోకుండా నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. వాడన్నాడు, “వుయి, అమ్మా. నేనే తెచ్చాను.”

అంతే. అమ్మ అద్దం కట్టించింది. సింహాచలంలో అప్పన్న ఏడాదంతా గంధం కిందే ఉంటాడట, అందుకని అద్దం మీద మందంగా గంధం పూస్తుంది. దుప్పటీ, దొంగా, బ్యాంకూ ఏమీ కనిపించవు. ఏడున్నరేళ్లుగా ఆ అట్టకి దీపం, ధూపం, శనివారం పులిహోర. దీవిలో ఇంత భద్రంగా ఉన్న 1వ సంచిక అట్ట ఇంకొకటి ఉండదు. జీన్ ఎప్పుడొచ్చినా బూట్లు విప్పి దానికి దండం పెట్టేవాడు. ఒక్కసారి కూడా తిరిగి అడగలేదు.

అతను అని రాయాలి. వాడు అని రాశాను. పొరపాటు.

9 డిసెంబరు, శనివారం

ఇంట్లో అప్పన్న పూజ. ఎంకన్న గురువుగారే వచ్చి చేయించారు. హారతి పళ్లెం పట్టుకుని పటం ముందు ఆగిపోయారు. గంధం కిందినుంచి ఒక పసుపు బూటు కనిపిస్తోంది.

గురువుగారు కళ్లజోడు సర్దుకున్నారు. “ఈ పటం ఎక్కడిది, నాగమ్మా?”

“తుపానులో వచ్చాడు, గురువుగారూ.”

ఇంకాసేపు చూశారు. “పాదరక్షలు వేసుకున్నాడే.”

అమ్మ తడుముకోలేదు. “సముద్రం దాటి వచ్చాడు కదా.”

గురువుగారు హారతి ఇచ్చారు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచి, “గంధం కాస్త కిందికి కూడా పూయమను, రామలూ” అన్నారు.

ఇది జీన్‌కి చెప్పాలి. కడుపుబ్బ నవ్వుతాడు.

10 డిసెంబరు

చెప్పలేదు.

23 డిసెంబరు

440. దొరకి కవల తమ్ముడట. పద్దెనిమిదేళ్లు ఎక్కడున్నాడో. పదికి సున్నా. సున్నా వేయటం ఇదే మొదటిసారి. వేశాక చూపించడానికి ఎవరూ లేరు.

22 జనవరి 1968

పోర్ట్ లూయిస్‌లో గొడవలు. ఇళ్లు తగలబెడుతున్నారట. ఇంగ్లీషు సైన్యం దిగింది. నిన్నటిదాకా ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకున్నవాళ్లు ఇప్పుడు మూటలు నెత్తిన పెట్టుకుని వీధులు మారుతున్నారు. జీన్ పెళ్లయ్యాక అక్కడికే మారాడు. మూడు రోజులుగా పనికి రాలేదు. బదులు డ్రైవర్‌కి గేర్లు మార్చటం రాదు. అందుకే నాకు చికాకుగా ఉంది.

24 జనవరి

442 వచ్చిందేమోనని లిమ్ షాపుకి వెళ్లాను. దారిలో జీన్ వాళ్ల వీధి. తీగ మీద పిల్లల చొక్కాలు ఆరేసి ఉన్నాయి. నాలుగు చిన్న చొక్కాలు, ఒక లంగా, ఒక డ్రైవర్ ప్యాంటు. బట్టలు ఉతుక్కున్నారంటే బాగానే ఉన్నారు.

షాపు మూసి ఉంది. మూసి ఉంటుందని ముందే తెలుసు.

17 ఫిబ్రవరి, శనివారం

444 కొన్నాను. లిమ్ అది కాగితంలో చుడుతూ అన్నాడు, “ఇక బేసివి కూడా నీకే ఇమ్మన్నాడు జీన్. వాళ్లు ఓస్ట్రాలీ వెళ్లిపోతున్నారట. అతని భార్య అన్న అక్కడ పెర్త్‌లో ఉన్నాడు. వచ్చే నెల ఆరో తారీకున ఓడ.”

444 ఇంకా చదవలేదు.

18 ఫిబ్రవరి, ఆదివారం

టీ మరక గురించి కాదు.

జూలై 30, ఆదివారం. నేను రోడ్డు పక్కన కొబ్బరికాయలు కొంటున్నాను. స్వాతంత్ర్యం వద్దనేవాళ్ల ఎన్నికల లారీ వచ్చింది. జెండాలు, డప్పులు, నలభై మంది. మల్బార్లు వద్దు, మల్బార్లు మాకొద్దు, అని పాటలా అరుస్తున్నారు. మల్బార్లంటే మేము. మా అమ్మ, గురువుగారు, నేను. లారీ అంచున నిలబడి, నోరంతా తెరిచి అరుస్తున్నవాడు జీన్. నన్ను చూశాడు. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. లారీ వెళ్లిపోయింది. నా చేతిలో కొబ్బరికాయ ఉంది. అమ్మేవాడు రెండుసార్లు పిలిచాడు.

ఆగస్టు 1, మంగళవారం సాయంత్రం జీన్ మా ఇంటికి వచ్చాడు. చేతిలో 429. నేను వంటింటి తలుపు వెనక నిలబడి, జ్వరంగా ఉందని చెప్పమని అమ్మకి సైగ చేశాను. అమ్మ అలాగే చెప్పింది. జీన్ గుమ్మంలో చాలాసేపు ఉన్నాడు. బూట్లు విప్పి అప్పన్నకి దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ దండం తలుపు సందులోంచి చూశాను.

నాకు జ్వరం లేదు.

19 ఫిబ్రవరి

అమ్మకి చెప్పాను, జీన్ వెళ్లిపోతున్నాడని. లారీ సంగతి చెప్పలేదు. పిలిచి అన్నం పెట్టరా అంది. నువ్వు పిలవకపోతే నేనే పిలుస్తానంది.

20 ఫిబ్రవరి, మంగళవారం

అమ్మ బస్సెక్కింది.

పొద్దున ఏడు గంటల ట్రిప్పు. పండగ చీర కట్టుకుని సరిగ్గా డ్రైవర్ వెనక సీట్లో కూర్చుంది. టిక్కెట్టిచ్చాను. ఎక్కడికని అడగటం కండక్టర్ ధర్మం కాబట్టి అడిగాను. “ఎక్కడికీ కాదు, వీడితో మాట్లాడాలి” అంది. బస్సంతా విన్నది.

“జీనూ, ఆదివారం మా ఇంటికి రా. అన్నం తినాలి.”

జీన్ రోడ్డు చూస్తూనే అన్నాడు, “నాకు పని ఉంది, అమ్మా.”

“నీ పనేంటో నాకు తెలుసు. నువ్వూ ఈ కండక్టరూ గాడిదల్లా ఎడమొగం పెడమొగం పెట్టుకుని తిరిగే పని. ఆరు నెలలు చేశారు, చాలు. అలే, వస్తావా, లేదా?”

వెనక ఎవరో నవ్వారు. జీన్ చెవులు ఎర్రబడ్డాయి. “వస్తానమ్మా.”

అమ్మ నా వైపు తిరిగింది. “గంట కొట్టు. దిగాలి.”

ఒక గంట కొట్టాను. దిగి, చీర సర్దుకుని, ఎదురు బస్సు కోసం రోడ్డు దాటింది.

25 ఫిబ్రవరి, ఆదివారం

జీన్ వచ్చాడు. భుజం మీద ఇనప పెట్టె. గుమ్మంలో దించి, “బేసివి. ఓడలో ఇంత బరువు పట్టదు” అన్నాడు. ఆరు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

“1 నుంచీ ఉన్నాయా?” అన్నాను.

“అట్ట లేకుండా.”

తిన్నాం. పులిహోర, పప్పు, వంకాయ కూర, వాడికిష్టమని టమాటా పచ్చడి. తింటున్నంతసేపూ కోతి గురించే మాట్లాడుకున్నాం. 440లో తమ్ముడు ఎక్కడినుంచి ఊడిపడ్డాడన్నాను. 439 చదవకుండా అది ఎవరికీ అర్థం కాదన్నాడు. నేను ఆరు నెలలుగా రాసేవాణ్ని తిడుతున్నాను. సగం తిట్లు వెనక్కి తీసుకోవాలి. ఇంకో సగానికి వాడు అర్హుడే.

బూటు సంగతి, గురువుగారి మాట చెప్పాను. జీన్ పళ్లెం పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. లారీ గురించి వాడు అనలేదు. నేను అడగలేదు. రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ అమ్మ అన్నం వడ్డించింది.

చేతులు కడుక్కున్నాక అమ్మ పూజ గూట్లోంచి పటం దించింది. తడిగుడ్డతో గంధం తుడవటం మొదలుపెట్టింది. నేను లేచి నిలబడ్డాను. అడ్డం పడాలో, పారిపోవాలో తెలియలేదు. ఏడాదికొక్కరోజు అప్పన్న నిజరూపం చూపిస్తారు కదా, ఇవాళే ఆ రోజనుకోండి అంది. పొరలు పొరలుగా గంధం ఊడింది. అద్దం కింద రంగు ఇసుమంతైనా వెలిసిపోలేదు. పగిలిన స్తంభం, సింహం ముఖం, గద. పాత చిత్రకారుడు వేసిన ముఖం. కోతి రాని కాలం నాటిది. మేమిద్దరం పన్నెండేళ్లప్పుడు చూసినట్టే చూశాం.

అమ్మ కూడా చూసింది. దొంగని చూసింది, ఎర్ర దుప్పటిని చూసింది. కళ్లకద్దుకుంది.

“తీసుకెళ్లు” అంది.

జీన్ వెనక్కి జరిగాడు. “అమ్మా, ఇది ఈ ఇంటిది.”

“వానలో తెచ్చింది నువ్వే. తెచ్చినవాడి దగ్గరే ఉండాలి. ఇక్కడ అప్పన్నకి గుడి ఉంది, భజన ఉంది, మేమందరం ఉన్నాం. అక్కడ నీకెవరున్నారు? మా తాత ఓడెక్కినప్పుడు ఆయనకీ ఎవరూ లేరు. అప్పన్నే తోడొచ్చాడు.”

జీన్ నా వైపు చూశాడు, ఆ తుపాను రోజు చూసినట్టే. తీసుకోమని తలూపాను. రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. నుదుటికి ఆనించుకున్నాడు. “గోవిందా” అన్నాడు, వాడికొచ్చిన మూడు మాటల్లో చివరిది. అమ్మ వాడి నుదుట కుంకుమ పెట్టింది.

నేను నీళ్లు తాగే వంకతో వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. అదే తలుపు వెనక.

2 మార్చి, శనివారం

జీన్ ఆఖరి ట్రిప్పు. గుడ్‌ల్యాండ్స్ దగ్గర ఒకావిడ పుట్టినరోజు కేకుతో ఎక్కింది. పక్కన కూర్చున్నాయన నిద్రలో మెల్లగా ఒరుగుతూ ఒరుగుతూ చెవి క్రీములో పెట్టాడు.

మూడు గంటలు కొట్టాను.

అద్దంలో జీన్ కళ్లు కనిపించాయి. భుజాలు ఊగిపోయాయి. బస్సు కూడా కాస్త ఊగింది.

6 మార్చి, బుధవారం

ఓడ పది గంటలకి. నాకు సెలవు దొరకలేదు. అడగలేదు కూడా. రేవు కనిపించే చోట ఒక గంట కొట్టి బస్సు ఆపించాను. అక్కడ స్టాపు లేదు. ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. జనం అటూ ఇటూ చూశారు. కాసేపయ్యాక రెండు గంటలు కొట్టాను.

9 మార్చి

పెట్టె ఇంకా తెరవలేదు. తీరిక లేదు.

12 మార్చి 1968, మంగళవారం

ఇవాళ మనకి స్వాతంత్ర్యం. మధ్యాహ్నం షా దె మార్స్ మైదానంలో పాత జెండా దించి కొత్త జెండా ఎక్కించారు. నాలుగు రంగులు. నాకు నిజంగానే సంతోషంగా ఉంది, ఇందులో దాచేదేమీ లేదు. గొంతు పోయేలా అరిచాను. పక్కవాడి వైపు తిరిగాను ఏదో చెబుదామని. అతనెవరో నాకు తెలియదు.

తిరుగు ట్రిప్పులో ఒక ముసలామె కొత్త జెండాని బిడ్డకి లంగోటాగా కట్టింది. మూడు గంటలు కొట్టాను, అలవాటు కొద్దీ. కొత్త డ్రైవర్ సడన్ బ్రేకు వేసి, “ఏమైంది, ఎవరైనా పడ్డారా?” అన్నాడు. పొరపాటన్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఖాళీ గూటికి దీపం పెట్టింది. లేని దేవుడికి దీపమేమిటన్నాను. ఊరెళ్లినవాళ్లకి దీపం పెట్టకూడదా అంది.

పెట్టె తెరిచాను.

429 అన్నిటికంటే పైన పెట్టాడు. చివరి పేజీలో మార్కులు లేవు. పెన్సిల్ రాత. వాడి మాటలనే తెలుగులోకి ఎత్తి రాస్తున్నాను:

“రామలూ, లారీ మీద ఉన్నది నేనే. నువ్వు చూశావు. అందరూ అరుస్తుంటే నేనూ అరిచాను. ఆ మాట అమ్మకి కూడా తగులుతుందని నిన్ను చూశాకే తెలిసింది. నాకు సిగ్గుగా ఉంది. ఇది చేతికిచ్చి, చదివేదాకా నీ ఎదురుగా నిలబడదామని వచ్చాను. నీకు జ్వరమట. తగ్గాక ఇస్తాను.”

ఆగస్టు 1. ఆ రోజు నేను తలుపు వెనకనుంచి నాలుగడుగులు వేసి ఉంటే సరిపోయేది. ఆరు నెలలు. రోజుకి ఆరు ట్రిప్పులు. వాడి వీపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాతివన్నీ చదివాను. ప్రతి అంచులోనూ రాస్తూనే ఉన్నాడు, నేను చదువుతున్నట్టే.

431: “అగ్నిపర్వతంలోంచి కోతి తోకతో పైకి లాగింది. నువ్వు నమ్మవు. నేనూ నమ్మలేదు. రెండు మార్కులు.”

433: “పెళ్లికూతురు గూఢచారి. కంట్లో పొడి చల్లి పారిపోయింది. 434లో గుడ్డివాడైతే ఆశ్చర్యపోకు.”

439: “తమ్ముడు. ఇక నేనేమీ అనను.”

441: “ఇవాళ మా వీధిలోంచి వెళ్లావు. మా ఆవిడ చూసింది. లిమ్ షాపు ఇటువైపు కాదు.”

23 మార్చి, శనివారం

సూయెజ్ మూసేశాక ఓడలన్నీ ఆలస్యమే. 445 ఇవాళ వచ్చింది. లిమ్ చేతికిచ్చి, “ఇక రెండూ నీవే కదా” అన్నాడు.

కొన్నాను. తెరవలేదు. అట్ట మీద దొర ఓడ తెరచాప కొయ్యకి వేలాడుతున్నాడు, ఎందుకో తెలియదు. అట్ట అంచున ఖాళీ ఉన్న చోట పెన్సిల్‌తో, జీన్ చదవగలిగే భాషలో రాశాను:

“నాకు జ్వరం లేదు. తలుపు వెనకే ఉన్నాను. నువ్వు అప్పన్నకి దండం పెట్టటం చూశాను. ముందు నువ్వు చదివి, మార్కులు వేసి పంపు.”

దళసరి కాగితంలో చుట్టి, పెట్టె మూత లోపల జీన్ రాసి పెట్టిన పెర్త్ చిరునామా వేసి పోస్టాఫీసుకి తీసుకెళ్లాను. గుమస్తా తూకం వేస్తూ లోపల ఏముందని అడిగాడు. సింహం దొర కొత్త సంచికన్నాను. అతనూ చదువుతాడట. ముఖం వెలిగింది.

“ఎలా ఉంది?” అన్నాడు.

“తెలియదు” అన్నాను. “నాది కాదు.”